లోడుతో దూరం వెళ్లే సైకిల్: ముందు చూడాల్సింది వెనక చక్రం

సంచులు కట్టుకుని వారం పది రోజులు సైకిల్ మీద తిరిగి రావాలనుకునేవాళ్లు షాపుకెళ్లి మొదట అడిగేది ఫ్రేము గురించి. స్టీలా, అల్యూమినియమా, ఏ బ్రాండు, ఎన్ని గేర్లు అని. అడగడంలో తప్పులేదు. కానీ దారి మధ్యలో ప్రయాణాన్ని ఆపేది ఫ్రేము కావడం అరుదు. వెనక చక్రంలో పుల్ల తెగుతుంది. ఇరుసు వంగుతుంది. క్యారియర్ బోల్టు ఎక్కడో ఊడి పడిపోతుంది. లేదా ఘాట్ మొదట్లోనే ఉన్న గేర్లన్నీ అయిపోయి, దిగి నెట్టుకోవాల్సి వస్తుంది. ఈ నాలుగింటిలో ఏదీ షోరూంలో కంటికి ఆనదు. కొత్త సైకిల్ కొన్నా, ఇంట్లో ఉన్న హైబ్రిడ్‌నే (రోడ్ బైక్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్య రకం) మార్చుకున్నా, డబ్బు ముందుగా వెళ్లాల్సింది వీటి మీదికే.

లెక్కలు గాలిలో ఉండకుండా ఒక దారి ఎంచుకుందాం. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు. రోడ్డు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా చదునే, కాళ్లకు పెద్ద పని ఉండదు. ఆ తర్వాత అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. దారి దానికన్నా పైకి ఎక్కి, గాలికొండ దాటి, మళ్లీ లోయలోకి దిగుతుంది. 70 కిలోల మనిషి, క్యారియర్‌తో కలిపి 17 కిలోల సైకిల్, నీళ్లతో సహా 23 కిలోల సామాను అనుకుంటే మొత్తం 110 కిలోలు ఆ కొండ ఎక్కాలి.

బరువు ఎక్కడ పడుతుంది

సామాను లేనప్పుడు మనిషి, సైకిల్ కలిపిన 87 కిలోల్లో 50 కిలోలకు కాస్త పైగా వెనక చక్రం మీద ఉంటుంది. 23 కిలోలూ వెనక క్యారియర్‌కే తగిలిస్తే ఆ చక్రం మోసేది 75 కిలోల దాకా పెరుగుతుంది. ముందు చక్రం మాత్రం 35 దగ్గరే ఆగిపోతుంది. ఒకే సైకిల్‌లో ఒక చక్రం ఇంకోదానికి రెండింతలకు మించి మోస్తోందన్నమాట. కంపెనీ మాత్రం రెండింటినీ దాదాపు ఒకేలా చేసి ఇస్తుంది.

స్పోక్ పుల్ల ఒక్కసారి పడిన పెద్ద దెబ్బకు తెగడం తక్కువ. చక్రం తిరిగే ప్రతి చుట్టులోనూ, పుల్ల నేల వైపు వచ్చినప్పుడు దాని బిగువు తగ్గుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. 700×38 టైరుతో 100 కిలోమీటర్లు వెళ్తే ఇది దాదాపు 46 వేల సార్లు జరుగుతుంది. బిగువు సరిపోని పుల్ల ప్రతి చుట్టులోనూ పూర్తిగా వదులై మళ్లీ లాగబడుతుంది. హబ్ (చక్రం మధ్యలోని దిమ్మ) రంధ్రం దగ్గర వంపు తిరిగే చోట లోహం అలా అలసిపోయి చివరికి తెగుతుంది. అందుకే పుల్ల వదులుగా ఉంటే చక్రానికి మెత్తదనం వస్తుందన్న మాట నమ్మకూడదు. వదులు చక్రమే ముందు పోతుంది.

దీనికి మంచి ఉదాహరణ మన ఊళ్లలోనే ఉంది. పాల క్యాన్లు, గ్యాస్ బండలు, కొబ్బరి బోండాల గెలలు మోసిన పాత 28 అంగుళాల నల్ల సైకిల్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. దాని ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువు వెనక పడుతుందని చేసినవాళ్లకు తెలుసు కాబట్టే ఆ తేడా. వెనక ఒకే పళ్ల చక్రం ఉంటుంది కాబట్టి హబ్‌కు రెండు వైపులా పుల్లలు దాదాపు ఒకే కోణంలో, ఒకే బిగువుతో నిలబడతాయి. గేర్ల సైకిల్‌లో ఆ వీలు లేదు. కుడివైపు ఏడెనిమిది పళ్ల చక్రాలకు చోటు ఇవ్వాలి కాబట్టి ఆ వైపు పుల్లలు నిటారుగా, బాగా బిగువుగా ఉంటాయి. ఎడమవైపువి ఏటవాలుగా, చాలా తక్కువ బిగువుతో ఉంటాయి. గేర్లు పెరిగేకొద్దీ చక్రం బలం కొంత తగ్గుతుందని కేటలాగుల్లో ఎక్కడా రాయరు.

చక్రాల మధ్య దూరం, వెనక క్యారియర్ కాళ్లు ఇరుసు దగ్గరే బిగించడం, రెండు కాళ్ల స్టాండు, ఇలా ఆ నల్ల సైకిల్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. గేర్లు లేవు, కడ్డీ బ్రేకులు వానలో పనిచేయవు, కాబట్టి దానితో ఘాట్ ఎక్కడం, దిగడం రెండూ కష్టమే. కానీ లోడు మోయడం వరకు చూస్తే ఇప్పటి హైబ్రిడ్లకంటే అదే నిజాయితీగా చేసిన యంత్రం.

ఫ్రీవీల్, ఇరుసు

తక్కువ ధరలో దొరికే 7 గేర్ల సైకిళ్లలో ఎక్కువ వాటికి వెనక ఉండేది హబ్ మీద స్క్రూలాగా తిప్పి బిగించే ఫ్రీవీల్, అంటే పళ్ల చక్రాల గుత్తి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఈ అమరికలో కుడివైపు గోళీలు (బాల్ బేరింగులు) ఫ్రీవీల్‌కు లోపలి వైపు, అంటే హబ్ మధ్యకు దగ్గరగా ఉంటాయి. అక్కణ్నుంచి ఫ్రేము దాకా ఇరుసుకు ఏ ఆసరా ఉండదు. 75 కిలోలు పడి, రోడ్డు గుంతలు తోడైతే ఆ ఆసరా లేని భాగం దగ్గరే ఇరుసు వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. వెనక చక్రం ఎన్నిసార్లు బెండు తీసినా మళ్లీ అటూ ఇటూ ఊగుతుంటే పుల్లల్ని కాదు, ముందు ఇరుసును చూడాలి. బయటికి తీసి అద్దం మీద దొర్లిస్తే వంగిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

జపాన్ కంపెనీ షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్ ఈ చిక్కును విప్పింది. తిరిగే యంత్రాంగాన్ని హబ్‌లోనే కలిపేసి, కుడివైపు గోళీలను బయటి అంచుకు జరిపింది. ఇరుసు రెండు చివర్లకూ ఆసరా దొరికింది. ఇప్పుడు కాస్త ఖరీదైన సైకిళ్లన్నిటికీ ఇదే ఉంటుంది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, వెనక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా (ఫ్రీహబ్ మీద ఎక్కించే పళ్ల చక్రాల గుత్తి) అన్నది. ఎన్ని గేర్లన్నది ఆ తర్వాత.

ఉన్న సైకిల్‌ను మార్చుకునేవాళ్లకు అన్నిటికన్నా విలువైన మార్పు కొత్త వెనక చక్రమే. 36 రంధ్రాల ఫ్రీహబ్, రెండు గోడల రిమ్ము, 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ పుల్లలు, చేత్తో అల్లించినది. ఫ్రేము వెనక కాళ్ల మధ్య వెడల్పు ముందే కొలవాలి. చాలా హైబ్రిడ్లలో అది 135 మిల్లీమీటర్లు. పాత 7 గేర్ల మీటను మార్చాల్సిన పని లేదు. 8 గేర్ల ఫ్రీహబ్ మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి 7 గేర్ల క్యాసెట్ ఎక్కించవచ్చు. చక్రం అల్లేవాడి చేయి ఇక్కడ బ్రాండుకన్నా ముఖ్యం. అల్లడం అయ్యాక పక్కపక్క పుల్లల్ని జతలుగా పట్టి గట్టిగా పిసికి, మళ్లీ బిగువు సరిచూసే మెకానిక్ దొరికితే అతన్ని వదులుకోకూడదు. పుల్లను వేలితో మీటితే ఒకే వైపువి అన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. మధ్యలో ఒకటి మందంగా మోగితే అది వదులుగా ఉన్నట్టే.

గేర్ల లెక్క

ఘాట్‌లో రోడ్డు 6 శాతం వాలుతో ఉందనుకుందాం. 110 కిలోలను ఆ వాలు మీద నడిపించడానికి, టైరు ఒరిపిడి కూడా కలుపుకుంటే, 73 న్యూటన్ల చిల్లర బలం కావాలి. ఎంత వేగంగా వెళ్తే అంత శక్తి ఖర్చవుతుంది. పోటీల కోసం తయారుకాని, అలవాటుగా తొక్కే మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది 100 నుంచి 130 వాట్లు. పెడల్ నిమిషానికి 60 సార్లన్నా తిరగాలి. అంతకన్నా నెమ్మదిస్తే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది.

ఇప్పుడు గేర్లు చూద్దాం. రోడ్ బైక్‌లో ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28 ఉంటే, 60 చుట్లకు వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది, కావాల్సింది 190 వాట్లు. మామూలు మనిషి దీన్ని పది నిమిషాలు తట్టుకోవచ్చు, మధ్యాహ్నం దాకా కాదు. 48/38/28 పళ్ల క్రాంకు (పెడళ్లు, ముందు పళ్ల చక్రాలు ఉండే భాగం), వెనక 14–28 ఫ్రీవీల్ ఉన్న హైబ్రిడ్‌లో అతి చిన్న గేరుకు 7.8 కిలోమీటర్ల వేగం, 160 వాట్లు. వెనక 14–34 వేస్తే 6.4 కిలోమీటర్లు, 130 వాట్లు. ముందు కూడా 42/34/24 క్రాంకు వేసుకుంటే 5.5 కిలోమీటర్లు, 112 వాట్లు. ఇక్కడికి వస్తే రోజంతా ఎక్కొచ్చు. ఇంకా కిందికి పోనక్కర్లేదు. గంటకు 5 కిలోమీటర్లకన్నా తగ్గితే లోడు సైకిల్ నిలకడ తప్పి లారీల వైపు ఊగుతుంది.

పెద్ద గేర్లు పోతాయే అనే బాధ అక్కర్లేదు. 42 పళ్ల ముందు చక్రం, 14 పళ్ల వెనక చక్రంతో పెడల్ నిమిషానికి 80 తిప్పితే గంటకు 31 కిలోమీటర్లు వస్తుంది. సంచులు వేసుకున్నవాళ్లకు చదును రోడ్డు మీద అంతకన్నా అవసరం రాదు. షాపులవాళ్లు మాత్రం పైగేరు గురించే మాట్లాడతారు, ఎందుకంటే కొనేవాడు ఖాళీ సైకిల్‌ను చదును వీధిలో తొక్కి చూస్తాడు. టెస్ట్ రైడ్‌కు ఫ్లైఓవర్ ఎక్కించి చూడడం నయం.

వెనక పెద్ద పళ్ల చక్రం వేసేటప్పుడు డీరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) 34 పళ్లను పట్టగలదో లేదో చూడాలి. ముందు క్రాంకు మారితే చైన్ పొడవు, ముందు డీరైలర్ ఎత్తు కూడా సర్దాలి. ఇదంతా ఒక పూట పని.

టైర్లు

37 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైరు కావాలి. సన్న టైరులో గాలి బాగా ఎక్కించాలి, ఆ గట్టిదనం చక్రానికీ నడుముకూ నేరుగా తగులుతుంది. కొత్త టైరు కొనేముందు ఫ్రేము కాళ్ల మధ్య, బ్రేకుల మధ్య ఎంత సందు ఉందో చూసి, మడ్‌గార్డుకు కూడా కాస్త వదలాలి. ఎర్రమట్టి రోడ్డు మీద వాన పడితే సందు లేని చక్రం బురదతో బిగుసుకుపోయి తిరగడం మానేస్తుంది.

మన రోడ్ల మీద పంక్చర్లకు రెండు ప్రధాన కారణాలు. ఊరి రోడ్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు. హైవే అంచున పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు. ఈ తీగ ముక్క వెంట్రుకంత ఉంటుంది. ట్యూబు అతికించి, టైరు లోపల చేత్తో తడిమినా దొరకదు, మళ్లీ పది కిలోమీటర్లకు గాలి దిగిపోతుంది. లోపలివైపు దూది ముక్కతో మెల్లగా తుడిస్తే అది పట్టుకున్న చోట తీగ ఉంటుంది, చిన్న పట్టకారుతో లాగేయాలి. ముల్లు దిగని టైర్లు కావాలంటే ష్వాల్బె మారథాన్ ప్లస్ లాంటివి ఉన్నాయి. వాటి లోపల 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉంటుంది. బరువెక్కువ, నడక కాస్త మొద్దు. అయినా ముళ్ల ప్రాంతాల్లో దానికి ఒప్పుకోవచ్చు.

వాల్వు విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు. మోటార్‌సైకిల్‌కు ఉండే ష్రేడర్ వాల్వే వాడాలి, ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పడుతుంది. రిమ్ముకు ప్రెస్టా అనే సన్న వాల్వు పట్టే రంధ్రమే ఉంటే చిన్న ఇత్తడి అడాప్టర్లు రెండు జేబులో ఉంచుకోవాలి.

ఫ్రేము

ఫ్రేములో నిజంగా చూడాల్సినవి తక్కువే. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకు ఉన్న దూరం మొదటిది. టూరింగ్ కోసమే చేసిన సర్లీ కంపెనీ లాంగ్ హాల్ ట్రక్కర్ సైకిల్‌లో అది 460 మిల్లీమీటర్లు. మామూలు హైబ్రిడ్లలో అంతకన్నా తక్కువ. ఆ దూరం చాలకపోతే పెడల్ తొక్కే ప్రతిసారీ మడమ సంచికి తగులుతుంది. సంచిని వెనక్కి జరిపితే బరువు ఇరుసు దాటి వెనక్కి పోయి, ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోతుంది. పెద్ద పాదం ఉన్నవాళ్లు షాపులోనే సంచి తగిలించి చూడాలి.

రెండోది, క్యారియర్ బిగించడానికి ఇరుసు దగ్గరా, సీటు కిందా మరల రంధ్రాలు. మూడోది ముందు ఫోర్కు. తక్కువ ధర సైకిళ్లకు వేసే సస్పెన్షన్ ఫోర్కు బరువే ఎక్కువ, చేసే మేలు తక్కువ. ముందు సంచులు తగిలించే చోటు కూడా దానికి ఉండదు. గట్టి స్టీల్ ఫోర్కుకు మారితే బరువు తగ్గుతుంది, రంధ్రాలు దొరుకుతాయి. మార్చేటప్పుడు పాతదాని ఎత్తుకు దగ్గరగా ఉన్నదే ఎంచుకోవాలి, లేకపోతే హ్యాండిల్ తీరు మారిపోతుంది.

స్టీల్ ఫ్రేము అయితే ఏ ఊళ్లోనైనా వెల్డింగ్ చేయించుకోవచ్చన్నది తరచుగా వినపడే వాదన. సగమే నిజం. మంచి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) గొట్టం గోడ మధ్యలో మిల్లీమీటరు కూడా ఉండదు. గేట్లు, కిటికీలు అతికే ఆర్క్ వెల్డింగ్ పెడితే రంధ్రం పడుతుంది. రోడ్డు పక్క వెల్డింగ్ షాపు నిజంగా ఆదుకునేది ఇనుప క్యారియర్ విరిగినప్పుడు. స్టీల్‌కు అసలు మేలు వేరే ఉంది. అది తెగేముందు చాలావరకు పగులు చూపిస్తుంది, వంగితే కొంతవరకు సరిచేయొచ్చు. గట్టిగా చేసిన అల్యూమినియం ఫ్రేముతో కూడా వేల కిలోమీటర్లు నిశ్చింతగా తిరగొచ్చు. ఫ్రేము మీద మిగిలిన డబ్బు వెనక చక్రానికి వెళ్తే ఇంకా మంచిది.

క్యారియర్, సంచులు

సీటు గొట్టానికి మాత్రమే బిగించే ఒంటి కడ్డీ క్యారియర్లు పది కిలోలలోపు బరువుకే. పక్క సంచులకు రెండు వైపులా కాళ్లు కిందిదాకా దిగి ఇరుసు దగ్గర ఆనేవి కావాలి. డిస్క్ బ్రేకు ఉన్న సైకిల్‌లో కాలిపర్ (డిస్క్‌ను నొక్కిపట్టే భాగం) ఫ్రేము బయటివైపు ఉంటే మామూలు క్యారియర్ కాలు దానికి తగులుతుంది. డిస్క్ సైకిళ్ల కోసం కాస్త పక్కకు వంచి చేసినవి దొరుకుతాయి. లేదా స్పేసర్ వేయాలి, కానీ స్పేసర్ పొడవు పెరిగేకొద్దీ బోల్టు మీద వంపు భారం పెరుగుతుంది. ఎక్కువగా తెగేది ఆ 5 మిల్లీమీటర్ల బోల్టే. నైలాన్ ఉన్న లాక్ నట్లు వేసి, రోజూ పొద్దున్న బయల్దేరేముందు 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో ఒక్కసారి తిప్పి చూస్తే ఆ టెన్షన్ ఉండదు. అదే కొలత బోల్టులు నాలుగు అదనంగా సంచిలో ఉండాలి.

సామాను సర్దడంలో బరువైనవి కిందికి, ఇరుసుకు దగ్గరగా. మొత్తం వెనకే వేస్తే దిగుడులో ఫ్రేము మెలితిరిగి హ్యాండిల్ వణకడం మొదలవుతుంది. అలా వణికితే భయపడి గట్టిగా పట్టుకోకూడదు. మోకాళ్లను పై గొట్టానికి ఆనించి మెల్లగా వేగం తగ్గించాలి. నాలుగు కిలోల సామాను ముందు ఫోర్కు పక్కలకు, కిందుగా మార్చినా తేడా తెలుస్తుంది. హ్యాండిల్ మొదట బరువుగా అనిపిస్తుంది, సాయంత్రానికి అలవాటవుతుంది.

అసలు 23 కిలోలు ఎందుకన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. లద్దాఖ్ వెళ్లేవాళ్లకు టెంటు, స్టవ్వు, దుప్పట్లు తప్పవు. కోస్తాలోనో తెలంగాణలోనో తిరిగేవాళ్లకు టిఫిన్ హోటళ్లు, లాడ్జీలు దారి పొడవునా దొరుకుతాయి. స్టవ్వు, గిన్నెలు ఇంట్లో వదిలేస్తే లోడు పది, పన్నెండు కిలోలకు దిగుతుంది. అప్పుడు పై లెక్కలన్నీ తేలికవుతాయి, ముందు క్యారియర్ ఖర్చు కూడా మిగులుతుంది. ఆ మిగిలిన చోటు నీళ్లకు ఇవ్వాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక నల్లమల అడవిలో దుకాణాలు తక్కువ, ఎండాకాలంలో నాలుగు లీటర్లు లేకుండా ఆ దారి పట్టకూడదు. రాత్రిపూట అక్కడ వాహనాలను వదలరు కాబట్టి వెలుతురుండగానే దాటేలా చూసుకోవాలి.

బ్రేకులు

110 కిలోలు 800 మీటర్ల కిందికి దిగితే వదిలే శక్తి దాదాపు 860 కిలోజౌళ్లు. మూడు లీటర్ల నీళ్లు పొయ్యి మీద మరగడానికి పట్టే వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా బ్రేకుల్లోకే. దిగుడు పొడవునా బ్రేకును సగం నొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. మలుపు ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేస్తే వాటికి చల్లారే సమయం దొరుకుతుంది. తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు ఈ పనికి సరిపోతాయి, తీగ చిన్న పట్టణంలో కూడా దొరుకుతుంది. హైడ్రాలిక్ బ్రేకులకు పట్టు బాగుంటుంది కానీ ఆయిల్ కారితే అక్కడ బాగుచేసేవాడు దొరకడం కష్టం. రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కే వి-బ్రేకులు కూడా చాలు, అయితే బురదలో అవి రిమ్మును అరగదీస్తాయి. ఏ రకమైనా ఒక జత ప్యాడ్లు అదనంగా ఉండాలి.

అన్నీ బిగించాక నేరుగా ప్రయాణానికి పోకూడదు. పూర్తి లోడుతో ఒక వారాంతం, వంద కిలోమీటర్లకు తక్కువ కాకుండా తొక్కాలి. కొత్త చక్రం పుల్లలు ఆ మొదటి వందలోనే సర్దుకుంటాయి, తిరిగొచ్చాక మెకానిక్ దగ్గర బిగువు మళ్లీ చూపించాలి. చక్రం అల్లించేటప్పుడే అదే పొడవు పుల్లలు కూడా కొనాలి. వెనక కుడి, వెనక ఎడమ, ముందు, ఇలా సాధారణంగా మూడు రకాల పొడవులుంటాయి, ఒక్కోదానివి రెండేసి. వాటిని ఫ్రేము వెనక కాలికి టేపుతో చుట్టేయొచ్చు. గేర్ల వైపు పుల్ల తెగితే పళ్ల చక్రాలు ఊడదీయకుండా కొత్తది వేయడం కష్టం కాబట్టి వాటితోపాటు ఆ ఫ్రీవీల్‌నో క్యాసెట్‌నో ఊడదీసే రెంచి కూడా సంచిలో ఉండాలి. ఊరి షాపులో రెంచీలు, సుత్తి, పంపు అన్నీ ఉంటాయి గానీ సాధారణంగా ఈ ఒక్కటి ఉండదు.